సిద్దమ్మ చదివిన అర్జీ

బడికి తాళం పడితే అది ఒక అన్యాయం. మా ఊళ్లో బడి తెరిచే ఉండేది. పిల్లలను లోపల కూర్చోబెట్టి గంగిరెడ్డి తన బుడ్డలు ఒలిపించుకునేవాడు. ఆలూరు దాపున శెనక్కాయలను బుడ్డలంటాం. బడి గది ఆయన గోదామే. పంట కల్లానికి చేరిన నాటి నుంచి ఉగాది దాకా పలకలు మూలకు పోయేవి. ఒలిచే పిల్లలు పప్పు తినకుండా ఎడతెగక పాట పాడాలి. పాట ఆగితే వీపు మీద చింతబరిక పడేది. కర్నూల్లో కొత్త ప్రభుత్వం కూర్చున్న ఏడాది కూడా అంతే.

ఆ ఏడే గురుస్వామి అయ్యవారు వచ్చాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ల బిడ్డ.

"నోరాడాల, అంతే గదా రెడ్డీ. పాట నేను చెప్పిస్తాలే," అన్నాడు.

గోడ మీద సుద్దతో రాశాడు: గంప, గోనె, బుడ్డ, సంగటి. పుల్లతో చూపిస్తుంటే పిల్లలు చేతులు ఆపకుండా గొంతెత్తి చదివేవారు. కంఠతా వచ్చిందనుకోగానే చెరిపేసి, అవే అక్షరాలతో వేరే మాటలు రాసేవాడు. ఉగాదికి కూలోళ్ల పిల్లలు ముప్పైమంది చదవడం నేర్చుకున్నారు.

నేను రెండో తరగతిలో బడి మానినవాణ్ణి. ఇదే రెడ్డి తండ్రి నన్ను బడి నుంచి లాగి బర్రెల వెంట తోలాడు. ఊళ్లో నాకు రవంత చదువొచ్చన్న పేరొక్కటే మిగిలింది. నా కూతురు సిద్దమ్మ, తొమ్మిదేళ్లది, బెల్లం కట్టిన కాగితం గడగడా చదివేసింది.

"నువ్వేంటికి నాయనా, నిలిచి నిలిచి చదువుతావు?" అనడిగింది.

సంతోషించాల్సినవాణ్ణి. కడుపు మండిపోయింది. దానికి అయ్యవారు దొరికాడు, నాకు బర్రెలు దొరికాయి.

రెడ్డి కొడుకు ఆలూరు బడిలో రెండుసార్లు తప్పాడు. చావడిలో వాడు పేపరు చదవలేక తడుముకుంటుంటే సిద్దమ్మ వెనక నిలబడి చదివేసిందట. ఆ మంట రెడ్డికీ అంటుకుంది. నాకూ ఆయనకూ ఉన్న పొత్తల్లా అదే.

అర్జీ ఒకటి పుట్టించాడు. బాయి తవ్వించడానికని చెప్పి ఊరందరి చేత వేలిముద్రలు వేయించాడు. నా దగ్గరికి తానే వచ్చాడు.

"నువ్వు సదువుకున్నోడివి తిమ్మన్నా. సంతకం చెయ్యి."

నిలిచి నిలిచి చదివాను. 'ఈ ఉపాధ్యాయుని వల్ల మా పిల్లలకు ఒక్క అక్షరమైనా రాలేదు. తక్షణమే మార్చవలెను.' సంతకం చేశాను.

వారానికే బళ్ల ఇన్‌స్పెక్టరు, రెడ్డి పంపిన బండిలో దిగాడు. ఊరంతా బడి ముందర చేరింది.

"నిన్ను మార్చమని ఊరే అడిగింది. బండెక్కవయ్యా," అన్నాడు అయ్యవారితో, అర్జీ చూపిస్తూ.

"ఎక్కుతా సార్. ఆ కాయితం ఈ బిడ్డను ఒకసారి సదవనీండి."

సిద్దమ్మ చదివింది. 'ఒక్క అక్షరమైనా రాలేదు' అన్న చోట కూడా ఆగలేదు. జనంలో నవ్వు లేచింది, అంతలోనే ఆగిపోయింది.

"బాయి అంటివి గదప్పా రెడ్డీ," అంది ముసలి బసమ్మ. "ఇదేనా నువ్వు తోడే నీళ్లు?"

"బట్టీ పట్టిచ్చినాడు సార్ వాడు," అన్నాడు రెడ్డి. "ఇంగ, ముద్రలేసినోళ్లంతా తెలిసే ఏసినారు."

సిద్దమ్మ ఇంకా కిందికి చదివింది. "ఇది ముద్ర గాదు, సంతకం. తిమ్మన్న." తలెత్తింది. "నాయనా, ఇది నీది."

నన్నూ మోసం చేశారని చెప్పి తప్పించుకోవచ్చు. అందరూ నమ్మేవారే. ఆ పిల్ల ఒక్కతే నమ్మదు.

"నేనొక్కన్నే సదివి చేసినా," అన్నాను. "మిగతావోళ్లకు బాయి అని సెప్పినారు. నా బిడ్డ నాకంటే బాగా సదువుతాండాదని ఓర్వలేక చేసినా సార్."

"థూ," అంది బసమ్మ. అని, నా మీదికి రాకుండా బండి దగ్గరికి పోయింది. ఎద్దుల మెడ పట్టెడలు విప్పింది. నలుగురు ఆడోళ్లు కాడిని కింద పడేశారు. మగోళ్లు బండి చుట్టూ కూర్చున్నారు.

"పోలీసులను పిలిపిస్తా," అన్నాడు రెడ్డి.

"పిలిపించప్పా. బండి లేదు, నడిచి పో," అంది బసమ్మ.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. "నోటిమాట చెల్లదు. రాసివ్వండి."

సిద్దమ్మ అయ్యవారి దగ్గర కాగితం, పెన్సిలు తీసుకుని నేల మీద కూర్చుంది. "సెప్పు నాయనా, రాస్తా."

నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నా నోటికంటే దాని చెయ్యే ముందు పోతోంది. మంట అట్లాగే ఉంది.

"గట్టిగ సెప్పు," అంది బసమ్మ. "మేమూ ఇనాల."

"రెడ్డి బుడ్డలు," అన్నాను గొంతెత్తి, "మా పిల్లోళ్లు ఇంగ ఒలవరు."