ముక్కలైన గోడలు

పొద్దున్నే కంప్యూటర్లో ధర్మపురి లాడ్జి ప్లాను తెరిచి మౌసు నొక్కగానే రెబెకాకు ఒళ్లు మండింది. నిన్న తను పాలీలైన్‌తో గీసిన బయటి గోడ, చుట్టూ తిరిగి మొదటి చోటికే వచ్చి కలిసిన ఒకే ఒక్క గీత, ఇవాళ ముక్కలు ముక్కలుగా ఉంది. ఎక్కడ నొక్కితే అక్కడి ముక్క మాత్రమే వెలుగుతోంది. ఎవరో గీతను విడగొట్టే ఎక్స్‌ప్లోడ్ కొట్టారు. ఎవరో ఏమిటి, పక్క కుర్చీలో చాయ్ ఊదుకుంటూ కూర్చున్న రేవతే.

“నా గోడలెందుకు పలగ్గొట్టినవ్?”

“నీ గోడలా? రాజం సారు ఆఫీసుల సారు గోడలనుకున్న,” అంది రేవతి తల తిప్పకుండానే.

కరీంనగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీసే రాజం ఆఫీసు ఒక మేడ మీద రెండు గదులు. రేవతి గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగింది. ఏళ్లుగా రాజం ఆఫీసు ప్లాన్లన్నీ ఆమె చేతి మీదుగానే బయటికి పోయేవి. చొప్పదండి నుంచి రెబెకా వచ్చి చేరిన వారానికే రాజం పెద్ద తెర ఉన్న కంప్యూటరును రేవతి దగ్గర్నుంచి తీసి కొత్తామెకు ఇచ్చాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. కోపం తెర గురించి, కొట్లాట మాత్రం గీతల గురించి. రేవతికి మామూలు లైన్ తప్ప మరొకటి గిట్టదు. ఏ గీతకు ఆ గీత; వద్దనుకుంటే ఆ ఒక్కటే తీసేయొచ్చు. రెబెకాకు పాలీలైనే ప్రాణం. మూలలు కలిసే ఉంటాయి, ఆఫ్‌సెట్ ఇస్తే పక్కనే సమాన దూరంలో రెండో గీత పడి గోడ మందం చుట్టూ ఒక్క దెబ్బకు వస్తుంది, గీత మీద నొక్కితే లోపలి వైశాల్యం చెబుతుంది.

రెబెకా కసికొద్దీ ప్లానంతా మళ్లీ గీసింది. ఈసారి లోపలి అడ్డగోడలను కూడా బయటి గోడతో కలిపి ఒకే పాలీలైన్ చేసేసింది. అలా చేయకూడదని ఆమెకు తెలియక కాదు. ఇప్పుడు పలగ్గొట్టు చూస్తా, అనుకుంది.

మధ్యాహ్నం లాడ్జి యజమాని అంజన్న వచ్చాడు. వెంట రాజం.

“ఎనుక రెండు రూములు కలిపి ఒక్క హాలు చెయ్యున్రి సారూ. దేవునికాడికి వచ్చెటోళ్లు ఇంటిల్లిపాది దిగుతరు. జర ఇప్పుడే సూపెట్టున్రి.”

“రెబెకా, గా నడిమి గోడ తియ్యి,” అన్నాడు రాజం.

రెబెకా గోడ మీద నొక్కి డిలీట్ కొట్టింది. గోడతో పాటు కింది అంతస్తు మొత్తం మాయమైంది. తెర నల్లగా మిగిలింది.

రేవతి పకపకా నవ్వింది. “లాడ్జే లేచిపోయింది అంజన్నా!”

రాజం మొహం మాడిపోయింది. “నువ్వు తియ్యి రేవతీ.”

రేవతి తన దగ్గరున్న ముక్కల ఫైలు తెరిచి, చిటికెలో అడ్డగోడ తీసేసింది. అంజన్న మొహం విప్పారింది. “గిదీ పని! హాలు ఎన్ని గజాలైతది?”

రేవతి హాలు నడుమ నొక్కింది. హద్దు మూసుకోలేదని చెప్పింది కంప్యూటర్. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట.

“యాడ్నో మూలలు కలవలే. కలుస్తయా, పలగ్గొట్టినంక ఇష్టమొచ్చినట్టు జరిపితే?” అంది రెబెకా, కావాలనే గట్టిగా.

అంజన్న లేచాడు. “మీ పంచాదిల నా లాడ్జి ఆగం చేస్తుండ్రా? పొద్దుమీకి మళ్లొస్త. అప్పటికి కాకుంటే ఇంకోని తాన గీయించుకుంట.”

అతను మెట్లు దిగే దాకా ఆగి రాజం ఇద్దరి మీదా విరుచుకుపడ్డాడు. “ఒక్క కంప్యూటర్ ముంగట కూసోన్రి ఇద్దరు. అయ్యేదాక లేవద్దు.”

కూర్చున్నారు. మోచేతులు తగిలితే ఇద్దరూ ఒకేసారి వెనక్కి లాక్కున్నారు.

“బయటి గోడ పాలీలైనే,” అంది రెబెకా.

“ఉండనీ. లోపలి గోడలు లైనే. వాడు రేపొచ్చి బాత్రూమ్ జరపమంటడు.”

“మరి వైశాల్యం?”

“రూము రూముకు లోపటి నుంచి ఉత్త పాలీలైన్ తిప్పి వేరే లేయర్ల పెట్టు. గా మాత్రం ఎర్కలేదా?”

ఎరుకే. గోడల గీతలకు అంటకుండా వేరే పొరలో, వైశాల్యం కోసమే ఒక గీత, అంతే. కానీ ఆ మాట రేవతి నోటి నుంచి వినాల్సి రావడం రెబెకాకు చెంపదెబ్బలా తగిలింది. లాడ్జి ముందు వైపు ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి రేవతి కిటికీలు ఒక్కొక్కటీ కొలవబోయింది. రెబెకా మౌసు లాక్కుని, ప్లానులోని కిటికీ అంచుల నుంచి ఎక్స్‌లైన్‌లు దించింది. అంతూపొంతూ లేని ఆ నిలువు గీతల మధ్య కిటికీలు వాటి చోట్లలో అవే కుదిరాయి. రేవతి పెదవి విరిచింది కానీ, వాటిని చూస్తూనే ఉండిపోయింది.

చెప్పినట్టే సాయంత్రం అంజన్న వచ్చి, హాలు చూసి, గజాలు విని, తల ఊపి పోయాడు.

“సూసిన్రా, కలిసి చేస్తే ఎంత మంచిగయిందో,” అన్నాడు రాజం.

“సారూ, నా టేబుల్ అవతలి రూముల ఏయించు. గీమె పక్కన నేను కూసోను,” అంది రేవతి.

“ఇయ్యాల్నే ఏయించున్రి,” అంది రెబెకా.

మర్నాటికి టేబుల్ జరిగింది. రెబెకా ఖానాపూర్ ఇంటి ప్లాను మొదలుపెట్టింది. బయటి గోడకు పాలీలైన్ తిప్పింది, లోపలి గోడలకు రేవతి చెప్పినట్టే లైన్ ఎత్తుకుంది. పని సాఫీగా సాగుతోంది. అలా సాగుతున్నందుకే ఆమెకు మంటగా ఉంది. నీళ్ల బాటిల్ నింపుకోవడానికి రేవతి ఇటు వస్తున్న చెప్పుల చప్పుడు వినపడగానే, రెబెకా ఆ పెద్ద తెరను గోడ వైపు తిప్పేసుకుంది.