పెద్ద మాట

బీకాం పాసైన ఏడాది రూప ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లింది. నీ గురించి చెప్పమంటే తనకు గుడ్ బుక్స్ ఇష్టమని, గుడ్ ఫుడ్ ఇష్టమని, గుడ్ పీపుల్‌తో ఉండటం ఇష్టమని చెప్పింది. బల్ల అవతలి మనిషి పక్కనున్న ఆవిడ వైపు చూసి నవ్వి, "గుడ్ తప్ప ఇంకో మాట రాదామ్మా?" అన్నాడు. ఆ నవ్వు హుస్సేనీ ఆలంలోని ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది. నెల తిరగకుండానే ఆమె సంతోష్‌నగర్‌లో మందుల షాపు పైనున్న వేణుమాధవ్ సార్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది.

వేణుమాధవ్ రాజమండ్రి నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఎర్ర పెన్ను. రోజుకు ఇరవై పెద్ద మాటలు చెప్పి రాయించేవాడు. గది లోపల తెలుగు వినపడకూడదన్నది ఆయన రూలు. "చిన్నపిల్లలు వాడే మాటలు వాడితే లోకం నిన్ను చిన్నపిల్లలాగే చూస్తుంది. సింపుల్ వర్డ్ కనపడితే కొట్టెయ్. దాని మీద పెద్ద మాట రాయ్" అనేవాడు.

రూప కొట్టేసింది, రాసింది. బస్సులో చదివింది, అన్నం వండుతూ చదివింది. మూడు నెలలకు రెండు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. క్లాసులో అందరికంటే ఎక్కువ మాటలు ఆమెకే వచ్చు. సార్ కొత్త బ్యాచ్ వాళ్లకు ఆమెను చూపించి, "ఓల్డ్ సిటీ నుంచి వస్తుంది ఈ అమ్మాయి, తెలుగు మీడియం. చూడండి" అనేవాడు. అది పొగడ్తో కాదో ఆలోచించుకోకుండానే రూప సంతోషపడేది.

ఇల్లు నడిచేది తల్లి కాశమ్మ జీతం మీద. తండ్రి గుండయ్య పోయి ఎనిమిదేళ్లయింది. కాశమ్మ సైదాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఆయమ్మ. చిన్న క్లాసుల పిల్లల ముక్కులు తుడవడం, బాత్‌రూమ్‌కు తీసుకెళ్లడం, టిఫిన్ డబ్బా మూతలు తీసివ్వడం, అమ్మ కావాలని ఏడ్చేవాళ్లను చంకనేసుకుని వరండాలో తిప్పడం, ఇదంతా పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. ఆమె ముక్కు తుడిచిన పిల్లలు పెద్దవాళ్లయి తమ పిల్లల్ని అదే స్కూల్లో దింపుతూ, "ఆయమ్మా, బాగున్నవా?" అని పలకరించేవాళ్లు.

వానాకాలంలో కాశమ్మకు కామెర్లు వచ్చాయి. కళ్లు పసుపుపచ్చగా మారి, మంచం దిగలేకపోయింది. మొదటి రోజు పొద్దున్నే స్కూలు క్లర్కు బాబురావుకు ఫోన్ చేసింది. రూప పక్కనే ఉంది.

"అన్నా, లేస్తలేను. కామెర్లంటున్నరు. మేడమ్‌కు జెర చెప్పు."

"నువ్వు ఫికర్ చెయ్యకక్కా. నేన్ చెప్త. మంచిగైనంక రా" అన్నాడు బాబురావు.

ఇరవై ఆరు రోజుల తర్వాత, సగం మనిషై, కాశమ్మ మళ్లీ స్కూలుకు వెళ్లింది. అప్పటికి పాత ప్రిన్సిపాల్ మారిపోయి కీర్తిప్రియ అనే కొత్తావిడ వచ్చి ఉంది. చిన్న వయసు, మెత్తని గొంతు. కాశమ్మ ఎవరో ఆమెకు తెలియదు. ఇన్ని రోజులు ఎందుకు రాలేదో ఇంగ్లీషులో లెటర్ రాయించి తెమ్మనీ, మేనేజ్‌మెంట్ చూడాలనీ చెప్పింది.

ఆ మాట కాశమ్మను భయపెట్టలేదు సరికదా, సంబరపెట్టింది. ఇంటికి రాగానే, "ఇంగ్లీషు లెటర్ గావాలెనంట బిడ్డా. నువ్వున్నవ్ గదా ఇంట్ల, నాకేం ఫికర్!" అంది.

రూప కాగితం తీసుకుని ఐదు నిమిషాల్లో రాసింది. మా అమ్మ కామెర్లతో సిక్ అయి ఇరవై ఆరు రోజులు స్కూలుకు అబ్‌సెంట్ అయింది, మన్నించమని రిక్వెస్ట్. డాక్టరు చీటీ జత చేశాం. రాసి చదువుకుంటే ఆమెకే సిగ్గనిపించింది. ఐదో తరగతి లీవ్ లెటర్‌లా ఉంది. ఇన్నాళ్ల చదువుకు ఇదేనా? నోట్‌బుక్కు తెరిచింది. సిక్ తీసి ఇన్‌డిస్పోజ్డ్ అని రాసింది. రిక్వెస్ట్ తీసి బిసీచ్ అని రాసింది. అబ్‌సెంట్ దగ్గర ఆగింది. పేజీలు తిప్పితే రెండో నోట్‌బుక్కు మధ్యలో దొరికింది. అబ్‌స్కాండ్: కనపడకుండా పోవు. సార్ చెప్పి రాయించిన అర్థమే. అమ్మ ఇరవై ఆరు రోజులు స్కూల్లో కనపడలేదు కదా. అబ్‌సెంట్ కొట్టేసి దాని మీద అబ్‌స్కాండెడ్ అని రాసింది. చూడ్డానికి బరువుగా, పెద్ద ఆఫీసు కాగితంలా ఉంది.

అయినా అనుమానం తీరక, మంచి కాగితం మీద ఎత్తి రాసి సార్‌కు చూపించింది. రెండు బ్యాచ్‌ల మధ్య ఆయన టీ తాగుతున్నాడు. కాగితం అందుకుని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. పెద్ద మాట కనిపించిన చోటల్లా ఎర్ర పెన్నుతో ఒక టిక్కు పెట్టాడు. అబ్‌స్కాండెడ్ మీద కూడా పెట్టాడు. అడుగున ఎక్సలెంట్ అని రాసి, "ఇలా ఉండాలి. ఫెయిర్ చేసి ఇచ్చెయ్" అన్నాడు.

కాశమ్మ ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తీసుకెళ్లింది. దారిలో కలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించింది కూడా. కీర్తిప్రియ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఎవరు రాశారిది?"

"నా బిడ్డ మేడమ్. బీకాం చదివింది" అంది కాశమ్మ.

"బాగా రాసింది" అని, ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది.

మూడో రోజు కబురొచ్చింది, కూతుర్ని కూడా తీసుకురమ్మని. రూప ఉన్న వాటిలో మంచి డ్రెస్ వేసుకుని వెళ్లింది. బహుశా తనకే ఏదో ఉద్యోగం చెబుతారని దారి పొడుగునా ఆశపడింది. లోపలికి వెళ్లాక కీర్తిప్రియ ఆ ఉత్తరాన్ని బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టింది.

"ఈ మాటకు అర్థం తెలుసా నీకు?"

"తెలుసు మేడమ్. కనపడకుండా పోవడం."

"తప్పు చేసి, ఎవరికీ చెప్పకుండా పారిపోయిన వాళ్లకు వాడే మాట అది. మీ అమ్మ పారిపోయిందని నువ్వే రాసిచ్చావ్. దీని కాపీ నేను మేనేజ్‌మెంట్‌కు పంపేశాను. అలాంటి మనిషిని చిన్నపిల్లల దగ్గర ఎలా పెట్టుకుంటామమ్మా?"

రూప ఉత్తరం వెనకున్న డాక్టరు చీటీ మీద వేలు పెట్టింది. "మేడమ్, కామెర్లు... డాక్టర్ చీటీ పెట్టిన గదా మేడమ్."

"చీటీ ఉంది. చెప్పి వెళ్లినట్టు ఎక్కడుంది?"

"బాబురావన్నకు చెప్పిన మేడమ్, మొదటి రోజే! ఫోన్ చేసిన!" అంది కాశమ్మ.

బాబురావు గుమ్మం దగ్గరే ఉన్నాడు, చేతిలో రిజిస్టరుతో. ప్రిన్సిపాల్ అతని వైపు చూసింది. అతను రిజిస్టరు వైపు చూశాడు. "యాదికి లేదు మేడమ్" అన్నాడు. అంతే. పంతొమ్మిదేళ్లు ఒకే గేటులోంచి లోపలికి వచ్చినవాళ్లు వాళ్లిద్దరూ.

కొత్త ఉత్తరం రాసిస్తానని రూప బతిమాలింది. రాసింది రాసిందేనని, ఫైలు క్లోజ్ అయిందని కీర్తిప్రియ అంతే మెత్తగా చెప్పింది. బయటికి వచ్చాక బాబురావు గేటు దాకా వెంట నడిచాడు. "ఆయమ్మలందర్నీ తీసేసి ఏజెన్సీ నుంచి పెట్టుకుంటరట అక్కా. గిట్ల ఏదో ఒక సాకు కావాల్నాయె వాళ్లకు. నాది కూడా నౌకరీయే గదా" అన్నాడు, నేల చూస్తూ. కాశమ్మ గేటు దాటి బస్టాపు వైపు నడిచింది.

బస్సులో కాశమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే బస్సులు సిగ్నల్ దగ్గర ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి.

"ఆ మాట ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"అబ్‌సెంట్ అంటే చిన్న మాట అనుకున్న అమ్మా."

కాశమ్మ కూతురి వైపు తిరిగింది. "అబ్‌సెంటా? గది నాక్కూడా తెలుసు గదనే. పంతొమ్మిదేండ్ల సంది దినాం పొద్దుగాల టీచర్లు హాజరు పిలుస్తుంటే ఇంటున్న. గది రాస్తే అయిపోవు గదా."

అందులో కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగింది.

మర్నాడు ఆమె వేణుమాధవ్ దగ్గరికి వెళ్లింది. ఈ మాట అర్థం క్లాసులో ఇలాగే చెప్పామని, అమ్మాయి పొరపాటున వాడిందని ఒక్క ముక్క రాసిమ్మని అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నా ఇన్‌స్టిట్యూట్ పేరు ఎందుకు లాగుతావ్ ఇందులోకి? చూడమ్మా, మాటకు అర్థం ఒకటి, ఏ సందర్భంలో వాడాలన్నది ఇంకొకటి. అది మనం ఇంకా చెప్పుకోలేదు. సెకండ్ మాడ్యూల్‌లో వస్తుంది. నువ్వు ఇంకా చేరలేదుగా."

ఆ సాయంత్రం క్లాసు నిండుగా ఉంది. ఇంటికెళ్లి తల్లి ఎదురుగా కూర్చోలేక రూప అక్కడే ఉండిపోయింది. సార్ పాఠం మధ్యలో ఒక కథ చెప్పాడు. ఒక అమ్మాయి ఉందట, తన తల్లికి లీవ్ లెటర్ రాస్తూ మా అమ్మ పారిపోయింది అని రాసిందట. ఆయన ఆపి ఆపి, బాగా చెప్పాడు. క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీలో ఒకడు డెస్క్ మీద చరిచి మరీ నవ్వాడు.

రూప లేచి నిలబడింది.

"ఆ అమ్మాయిని నేనే సార్. ఆ మాట మీద టిక్కు పెట్టింది మీరు. ఎక్సలెంట్ అని రాసిండ్రు. కాయితం నా దగ్గర్నే ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. వేణుమాధవ్ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. మరుక్షణం సర్దుకుని చేయెత్తాడు.

"ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్. ఈ రూమ్‌లో రూల్ నీకు తెలుసు కదా."

అందరూ ఆమెను చూస్తున్నారు. రెండు నోట్‌బుక్కులు ఆమె సంచిలోనే ఉన్నాయి. దగాకు, పిరికితనానికి, సిగ్గులేనితనానికి అందులో ఒక్కోదానికి ఆరేసి మాటలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. వాక్యం కట్టలేకపోయింది. ఆయన మర్యాదగా ఎదురుచూశాడు, క్లాసు కూడా ఎదురుచూసేలా చేశాడు. తర్వాత "సిట్ డౌన్" అన్నాడు.

రూప కూర్చోలేదు. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది. రెండో మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి పైన మళ్లీ పాఠం మొదలైంది.

దసరా దాటాక, సైదాబాద్‌లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషికి సాయం కావాలని తెలిసి కాశమ్మ వెళ్లింది. రూప కూడా తోడు వెళ్లింది. వార్డెన్ ఒక ఇంగ్లీషు ఫారం ఇచ్చి, నింపి తెమ్మంది. తల్లీకూతుళ్లు గేటు పక్కనున్న సిమెంటు అరుగు మీద కూర్చున్నారు. పేరు, ఊరు, వయసు రూప రాసింది. తర్వాతి గడిలో పాత పని ఎందుకు మానేశారని ఉంది. రూప పెన్ను అక్కడ ఆగింది.

కాశమ్మ ఆ ఆగడం చూసింది. కూతురి వేళ్ల మధ్య నుంచి పెన్ను తీసుకుంది. ఫారం కూడా తీసుకుంది.

"ఏందమ్మా, రాస్తున్న గదా" అంది రూప.

"నువ్వొద్దు తీ బిడ్డా."

గేటు దగ్గర కైలాసం అనే ముసలి వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాశమ్మ వెళ్లి ఆ కాగితం అతని ముందు పెట్టింది. "అన్నా, నీకు ఇంగ్లీషు రాయొస్తదా?"

"నైన్త్ ఫెయిల్ అక్కా. కొంచెం కొంచెం వస్తది."

"గంత చాలు. ఈడ పానం బాగలేక అని రాయి."

అతను కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. ఫీవర్ అని రాశాడు. అందులో ఒక అక్షరం తప్పు. వెనకే వచ్చి నిలబడ్డ రూపకు అది కనిపించింది. కాశమ్మ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, సిరా ఆరేలా ఊది, లోపలికి నడిచింది.