కారణం అనే గడి

అద్దం మేడమ్ అని ఆవిడకి పేరు పెట్టింది నేనే. మేనేజ్‌మెంట్ క్లాసు మొదటిరోజే "బ్లాగు అంటే అద్దం. వారానికోసారి అందులో మీ ముఖం మీరు చూసుకోవాలి" అంది. పని దగ్గర ఏం జరిగింది, మనసుకి ఏమనిపించింది, ఏం నేర్చుకున్నాం, ఇదీ వరస. ఐదొందల మాటలకి తగ్గకూడదు. పైగా దానికి మార్కులట! ఇరవై రెండేళ్లుగా బ్రెడ్డు ఫ్యాక్టరీలో షిఫ్టు నడుపుతున్నవాణ్ణి, ఈ వయసులో అద్దం ముందు నిలబడి మురిసిపోవాలి. ఈ కోర్సు పాసైతేనే మేనేజరు కుర్చీ అన్నారు కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాను.

తోటివాళ్ల బ్లాగులు చదివితే ఒళ్లు మండేది. ఒకాయన చేసిన తప్పు అతిగా కష్టపడటం. ఇంకొకావిడ తప్పు అందర్నీ ఇట్టే నమ్మేయడం. అలాంటి తప్పులు నాకూ నాలుగుంటే ఎంత బాగుండేదో. మేడమ్ మాత్రం అవి చదివి కళ్లు తుడుచుకునేది. ఆవిడకి కావలసింది పశ్చాత్తాపమని మూడోవారానికల్లా నాకు అర్థమైపోయింది. ఇస్తే పోలా?

ఆరోవారం ఇంక కల్పించే ఓపిక లేక, అసలు తప్పే ఒకటి బయటికి తీశాను. మా ఫ్యాక్టరీలో ప్యాకెట్ల మీద తేదీ వేసే మిషను ఒకటుంది. షిఫ్టు మొదలవగానే అందులో తేదీ మార్చాల్సింది నేను. ఒకరోజు మరిచిపోయాను. రెండువేల ప్యాకెట్లు ముందురోజు తేదీతో దుకాణాలకి వెళ్లి, అన్నీ తిరిగొచ్చాయి. పెద్దసారు నిలదీస్తే "లేబుళ్ల ఆవిడ చూసుకోలేదండీ" అనేశాను. తొమ్మిదేళ్లుగా లేబుళ్ల బల్ల దగ్గర పనిచేస్తున్న మనిషిని మర్నాడే ట్రేలు కడిగే గదికి పంపేశారు.

ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ తర్వాత ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాననీ, పెద్దసారు ముందు నిజం ఒప్పుకుని ఆవిణ్ణి తిరిగి బల్ల దగ్గర కూర్చోబెట్టాననీ, ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చేసిందనీ కూడా చెప్పాను. నేను చెబుతుంటే టైపు చేస్తున్న మా అమ్మాయి ఆగింది.

"నాన్నా, ఇదంతా నిజంగా జరిగిందా?"

"సగం జరిగింది. నువ్వు కొట్టు."

"ఏ సగం?"

"నీకెందుకే ఆ ఆరాలన్నీ? ఫ్యాక్టరీ పేరు లేదు, నా పేరు బయటికి రాదు. పనీపాటా లేనివాళ్లు తప్ప ఎవరు చదువుతారు దీన్ని?"

అది కొట్టింది గానీ, ఆ పూట నాతో మళ్లీ మాట్లాడలేదు.

పదికి పది వచ్చాయి. అద్దం మేడమ్ దాన్ని క్లాసంతా వినేట్టు చదివింది. ఆ గొప్పలో ఒళ్లు మరిచి, మా స్టోర్సు గుమస్తాకి లింకు పంపాను. వాడి నోట్లో ఏదీ నానదని తెలిసీ పంపాను. నాలుగోరోజున బ్లాగు కింద ఒక కామెంటు వచ్చింది.

"నమస్కారం సార్. లేబుళ్ల ఆవిడ అని రాశారు కదా, ఆమె నేనే. మీ క్షమాపణ నాకింకా అందలేదు. ఏడ్చిన మాట మాత్రం నిజమే. అప్పుడు మీరు అక్కడ లేరు."

దాని కింద మేడమ్ ఏం రాసిందో తెలుసా? "పాఠకురాలితో చక్కటి సంభాషణ! కొనసాగించండి." పక్కన పువ్వు బొమ్మ. అంత చదువుకున్న మనిషికి ఆ కామెంటు అర్థం కాలేదు!

మర్నాడు ట్రేల గదికి వెళ్లాను. నిండా ఆవిరి. ఆవిడ మోచేతుల దాకా సబ్బునీళ్లలో ఉంది. వేడినీళ్లకి నానీ నానీ వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

"అమ్మా, ఆరోజు తప్పు నాదే" అన్నాను.

ఆవిడ కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది. ఏప్రాన్ జేబులోంచి ఒక మడత కాగితం తీసింది. విభాగం మార్పు ఫారం, తిరిగి లేబుళ్ల బల్లకి వేయమని.

"నెలయింది సార్ ఇది తెచ్చుకుని. అన్నీ నింపేశాను. ఈ కారణం అనే గడి మాత్రం షిఫ్టు చూసేవాళ్లే రాయాలంట. మీరు బాగా రాస్తారు కదా, రాయండి."

వేలెడు గడి. 'తేదీ మార్చడం నేను మరిచిపోయాను.' నాలుగే మాటలు, హాయిగా పడతాయి. కానీ ఆ ఫారం వెళ్లేది పెద్దసారు బల్ల మీదికి. వచ్చేవారమే మేనేజరు పోస్టుకి ఆయన దగ్గర నా ఇంటర్వ్యూ. పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. చివరికి రాసిచ్చాను: 'పని అవసరాల దృష్ట్యా.'

ఆవిడ చదివింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఇది పెడితే తప్పు నా మీదే ఉండిపోతుంది సార్" అని కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకుంది. "బ్లాగు కన్నా నయమేలెండి. అక్కడ ఐదొందల మాటలు పట్టాయి, ఇక్కడ మూడింటితో తేల్చేశారు."

ఆవిడ ఇంకో ట్రే తీసుకుంది.

"ఈ వారం రాసుకోవడానికి ఇది చాలా సార్?" అని, జవాబు కోసం చూడకుండా కుళాయి తిప్పేసింది.