జొన్నల గోదాం

జీవరాజు సారు బడి పంతులుగా రిటైరై రెండేళ్ళయింది. 2004లో, నిజామాబాద్ జిల్లా మోస్రాకు దగ్గరలోని తమ ఊరి చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయని కమిటీ పండుగ తలపెట్టింది. ఆ సందర్భంగా వేసే పుస్తకంలో చర్చి చరిత్ర రెండు పేజీలు రాసే పని ఆయనకు అప్పగించింది. గంట గోపురం రాతి మీద 1904 అని చెక్కి ఉంది. తెల్లదొర ఒకాయన కట్టించాడన్నది అందరికీ తెలిసిందే. ఇంకా రాయడానికి ఏముందనుకున్నాడు సారు.

పండుగకు ముందు గోడలు బాగు చేయడానికి మేస్త్రీ కాశయ్య వచ్చాడు. ఉత్తరం గోడకు ఉబ్బిన పాత సున్నం గీకేస్తుంటే, బయట నడుమెత్తున నాలుగు చదరపు కంతలు వరసగా బయటపడ్డాయి. ఎప్పుడో ఇటుకలతో మూసేసినవి. కాశయ్య పని ఆపి సారుకు కబురు పంపాడు.

"సారూ, గిది గుడి కోసమని కట్టింది కాదు," అన్నాడు.

"మరి దేనికి కట్టిండ్రంటవ్?"

"గింజల గోదాం. సూడుండ్రి, తేమ తగలకుండ లోపలి నేల మూడడుగులు లేపిండ్రు. కిటికీలు మనిషికి అందనంత మీద పెట్టిండ్రు. గీ కంతల కింద సంచి పడితే గింజలు జారుతయి. మా తాత గిట్లాంటివి రెండు కట్టిండు."

సారు ఇంటికి పోయి టేపు తెచ్చుకున్నాడు. మూడు వైపులా గోడలు రెండడుగుల మందం, రాయీ డంగుసున్నమూ. ప్రసంగ వేదిక వెనక గోడ ఒక్కటే ఇటుక, మందం అడుగు కూడా లేదు, తర్వాతెప్పుడో కట్టింది. గోపురానికీ చర్చి గోడకూ మధ్య కత్తి దూరేంత సందు ఉంది. అంటే రెండూ ఒక్కసారి కట్టినవి కావు. 1904 అన్నది గోపురానికే. యాభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గోడల మధ్యే కూర్చున్నా ఇదేదీ తన కంటికి ఆననందుకు ఆయనకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

ఊళ్ళో తొంభై దాటింది బాలవ్వ ఒక్కతే. మర్నాడు ఆమె దగ్గరికి పోయాడు.

"అవ్వా, మన గుడి మొదలు గోదామేనా?"

"గోదామే. మా అవ్వ చెప్పేది. పెద్ద కరువుల పని లేదు, తిండి లేదు. తెల్లదొర రాళ్ళు మోయించిండు. దినమంత మోస్తే పొద్దుమీకి సోలెడు జొన్నలు. గట్ల కట్టిండ్రు బిడ్డా. కట్టినంక దాంట్లనే జొన్నలు పోసి పంచిండ్రు."

"మరి గుడి ఎట్లయింది?"

"కరువు పోయినంక ఖాళీ పడ్డది. దొర అమ్మేద్దమన్నడట. రాళ్ళు మోసినోళ్ళంత కూడి పోయిండ్రు. మేం కట్టినం, మాకియ్యి, దాంట్ల ప్రార్థన చేసుకుంటం అని అడిగిండ్రు. మా అవ్వ గూడ పోయింది."

సారు ఆ వారంలోనే రాసిచ్చాడు. అది చదివి కమిటీ పెద్ద జయరాజ్ ముఖం మాడ్చుకున్నాడు. ఆయన నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా.

"సారూ, గిది అచ్చేస్తే ఏమంటరు? జొన్నల కోసం దేవున్ని మార్చిండ్రంటరు. మా ఆఫీసుల ఇప్పటికే నవ్వులాటకు గదే మాట."

ముప్కాల్ బడిలో పనిచేసిన రోజుల్లో ఆ మాట సారు కూడా పడ్డాడు. తీసేద్దామా అని కూడా ఒక క్షణం అనుకున్నాడు. చివరికి సంఘం ముందు పెడదామన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక తాను రాసింది చదివాడు. జయరాజ్ తన అభ్యంతరం చెప్పాడు. అప్పుడు రూతమ్మ లేచింది. చెరుకు కొట్టే కూలికి పోయే మనిషి, స్త్రీల సమాజానికి పెద్ద.

"ఆకలైతే తిన్నరు. ఉత్తగ తినలే, రాళ్ళు మోసి తిన్నరు. కరువు పోయినంక జొన్నలు లేకుండె గదా, మరి అప్పుడెందుకు అడిగిండ్రు ప్రార్థనకని? గది గూడ రాయుండ్రి సారూ."

చేతులెత్తమంటే రాయమనే ఎక్కువ చేతులు లేచాయి. కంతలు కనబడేలా వదలమని కాశయ్యకు చెప్పారు. వానకు నీళ్ళు దిగుతాయని అతను గొణిగాడు. ఇటుకల సందులు మాత్రం సిమెంటుతో పూడ్చి, చుట్టూ అంచు తీర్చి వదిలాడు.

పుస్తకం మొదటి పేజీలో దొర ఫోటోనే పడింది. చరిత్ర సారు రాసినట్టే వచ్చింది, ఒక తారీఖులో అచ్చుతప్పుతో.

పండుగ అయిన పది రోజులకు జయరాజ్ సారు ఇంటికి వచ్చాడు. చాయ్ తాగి, పోదామన్నట్టు లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"రాళ్ళు మోసినోళ్ళల్ల మా ఇంటోళ్ళు ఉన్నరో లేరో, బాలవ్వను అడుగుదమా సారూ?"

ఇద్దరూ పోయారు. బాలవ్వ చాలాసేపు ఆలోచించింది. "మీ ఇంటోళ్ళ ముచ్చట నాకు యాదికి లేదు బిడ్డా," అంది. జయరాజ్ తలూపాడు కానీ కదల్లేదు.

"మరి యాదికున్నోళ్ళ పేర్లు చెప్పవ్వా," అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. ఆ సాయంత్రం బాలవ్వ నోటి నుంచి పదకొండు పేర్లు వచ్చాయి. అందులో ఏడు ఆడవాళ్ళవి.