సత్తెమ్మ కార్డుల కోసం ఒక తప్పు

మోదుగ అనే ప్రాజెక్టుకు హైదరాబాదులో పనిచేసేవాళ్ళు ముగ్గురే. పాతికేళ్ల కిందట ఒక కంపెనీ అమ్మిన, కంప్యూటరును నడిపే డెస్క్‌టాప్ వ్యవస్థను, దాని అసలు కోడ్ చూడకుండా, మొదటినుంచీ మళ్ళీ రాసి అందరికీ స్వేచ్ఛగా పంచాలన్నది వాళ్ళ ప్రయత్నం. కంపెనీ ఆ వ్యవస్థను ఎప్పుడో వదిలేసింది. దానిమీద నడిచే పాత ప్రోగ్రాములు మాత్రం జనానికి ఇంకా కావాలి.

చైతన్య, తేజస్విని హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. మూడో మనిషి రోహిణిది గోపన్‌పల్లి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేవకముందు నుంచీ వాళ్ళ ఇల్లు అక్కడే ఉంది. శనివారం పొద్దున టిఫిన్లు కాగానే ముగ్గురూ ఆ ఇంటి మేడమీద కలిసేవారు.

జనవరిలో ఆ ఏటి లక్ష్యాలు రాసుకోవడానికి కూర్చున్నారు. చైతన్య ముప్పై ఏడు లక్ష్యాలు తెచ్చి బోర్డు నింపేశాడు. ‘అసలుదానికంటే మేలుగా ఉండాలి’ అన్నది మొదటిది. సగం కొట్టేయమంది తేజస్విని. రెండు శనివారాలు ఆ వాదనలోనే గడిచిపోయాయి.

మూడో శనివారం రోహిణి పెద్దమ్మ సత్తెమ్మ మెట్లెక్కి వచ్చింది. కింద వీధి గదిలో ఆమెకు పెళ్లికార్డుల దుకాణం ఉంది. ఇరవై ఏళ్లుగా కార్డులు చేస్తున్న ప్రోగ్రాము ఆ పాత వ్యవస్థమీదే నడుస్తుంది. కంప్యూటరు రోజూ మొరాయిస్తోందని, కొత్తదాంట్లోకి ఆ ప్రోగ్రాము ఎక్కడం లేదని చెప్పింది. చైతన్య బోర్డు చూపిస్తూ తాము చేస్తున్నదంతా ఓపికగా వివరించాడు. ఆమె చివరిదాకా విన్నది.

“మంచిగనే ఉన్నది బిడ్డా. నా కార్డులు గిందుల తెరుచుకుంటయా?”

ముగ్గురిలో ఎవరూ అప్పటిదాకా ఆ ప్రోగ్రామును మోదుగలో పెట్టి చూడలేదు.

అప్పటికప్పుడే పెట్టి చూశారు. కార్డు తెరుచుకుంది కానీ, ఒత్తులన్నీ అక్షరాలను వదిలి పక్కకు జరిగాయి. పెళ్లికూతురు జ్యోతి పేరులోని ఒత్తు పెళ్లికొడుకు పేరు కింద తేలింది.

“లగ్గం గాకముందే పిలగాని దిక్కు వోయింది” అని సత్తెమ్మ నవ్వింది.

ఆమె దిగి వెళ్ళాక తేజస్విని బోర్డు తుడిచేసి ఒకే మాట రాసింది: సత్తెమ్మ కార్డులు తెరుచుకోవాలి, ఒత్తులు కదలకూడదు. చైతన్యకు మనసు కష్టమైంది. తర్వాతి శనివారం రాలేదు. ఆ పైవారం మాత్రం సంచీ నిండా కాగితాలతో వచ్చాడు. పాత కంప్యూటరులో ఒక్కో అక్షరం ఎంత వెడల్పుందో, మోదుగలో ఎంతుందో పక్కపక్కన రాసుకోవడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ చేయి వేశారు.

ఏప్రిల్ నాటికి సంగతి తేలింది. ఒత్తు ఉన్న అక్షరాన్ని పాత వ్యవస్థ కాస్త ఇరుకుగా, తప్పుగా కొలిచేది. కార్డుల ప్రోగ్రాము రాసినవాళ్ళు ఆ తప్పుకు తగ్గట్టుగానే అక్షరాలు పేర్చుకున్నారు. మోదుగ సరిగ్గా కొలిచేసరికి అంతా చెదిరింది.

“అయితే ఇప్పుడేం చేద్దాం?” అంది తేజస్విని.

“తప్పుగా కొలుద్దాం. వాళ్ళు ఎంత తప్పుగా కొలిచారో మనమూ సరిగ్గా అంతే తప్పుగా కొలవాలి” అన్నాడు చైతన్య. అన్నాక ఆ మాట తనకే వింతగా తోచి నవ్వేశాడు. రెండు రోజులు కూర్చుని ఆ తప్పును జాగ్రత్తగా, తొమ్మిది వరుసల కోడ్‌గా రాశాడు.

మే నెల, పెళ్లిళ్ల రోజులు. సత్తెమ్మ కొత్త కంప్యూటరులో మోదుగమీద మొదటి కార్డు ప్రింటు తీసి గుమ్మం వెలుగులోకి పట్టుకెళ్ళింది. ఒక్కో ఒత్తునూ వేలితో తడిమి చూసింది.

“ఉన్నయి. అన్ని ఉన్నయి” అంది.

ఆ ఆనందంలో ముగ్గురినీ కూర్చోబెట్టి మూడు వందల కార్డులు కవర్లలో పెట్టించింది. మధ్యలో చైతన్య ఫోను చూసుకున్నాడు. ఆ తొమ్మిది వరుసలతో తమ గ్రంథాలయంలోని పాత పుస్తకాల జాబితా కూడా తెరుచుకుందని వరంగల్ నుంచి ఎవరో రాశారు. అతను దాన్ని రెండుసార్లు చదివి వినిపించి, ఇక రెండో లక్ష్యం ఏం పెట్టుకుందామని అడిగాడు.

జవాబు సత్తెమ్మే చెప్పింది. “అక్షరాలు జర పెద్దగ కనవడేటట్టు చెయ్యుండ్రి. కండ్లు గుంజుతున్నయి.”

తేజస్విని ఒక ఖాళీ కవరు తిప్పి దాని వెనక ఆ మాటే రాసుకుంది. చైతన్య ఈసారి వాదించలేదు.