టీచరుగారి గొట్టంలో సబ్బు

సింకు నిండిపోయి నీళ్ళు కిందికి దిగకపోతే మనం ముందు చేసే పనేమిటో ఒక్కసారి నిజం చెప్పుకుందాం. పైపుల మనిషికి కబురు పెట్టం. కిరాణాకొట్లో తలుపు పక్కన వేలాడుతుండే పొడి ప్యాకెట్ తెచ్చి, మూల కత్తిరించి, గొట్టంలో గుమ్మరిస్తాం. పని జరిగితే హమ్మయ్య అనుకుంటాం. జరగకపోతే ఇంకో ప్యాకెట్ పోస్తాం. దాని మీద ఏం రాసుందో చదవడానికి ఎవరికి తీరిక?

ఎవరికో ఎందుకు, రాజోలు దగ్గర ఒక ఊళ్ళో కాపురముండే రాహేలు టీచరుగారికే తీరిక దొరకలేదు. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పి, రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. ఆమ్లాలు, క్షారాలు అన్న పాఠం ఆవిడ నిద్రలో కూడా చెప్పగలరు.

అది డిసెంబరు నెల, శనివారం. ఆ సాయంత్రం నాలుగింటికి చర్చి స్త్రీల సమాజం ప్రార్థన టీచరుగారింట్లో. ముప్పైమంది వస్తారు. కొబ్బరిపాల పులావు, కోడికూర, పెరుగుచట్నీ, చివర్లో సేమ్యా పాయసం. అంతేకాదు, వచ్చిన వాళ్ళందరికీ తలా ఒక చిన్న సీసాడు కొబ్బరినూనె బహుమతిగా ఇవ్వాలని ఆవిడ ముచ్చట. గానుగది కాదు, సొంతంగా పాలు తీసి, కాచి, వడగట్టిన నూనె. రెండ్రోజులు కష్టపడి తీశారు. కాచిన పెద్ద మూకుడునూ, అడుగున మిగిలిన మడ్డినీ శుక్రవారం రాత్రి సింకులోనే కడిగేశారు. డిసెంబరు చలికి కొబ్బరినూనె సీసాలోనే గడ్డ కడుతుంది. గొట్టంలో కట్టదా?

తెల్లారేసరికి సింకులో జిడ్డునీళ్ళు నిలిచిపోయి ఉన్నాయి. ముందు రెండు చెంబుల వేణ్ణీళ్ళు పోశారు. ఫలితం లేదు.

"ఏవండీ, ఆ పొడి ప్యాకెట్ ఒకటి పట్టుకురండి" అన్నారు టీచరుగారు.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన సాలమోను గారు చదువుతున్న పేపరు పక్కన పెట్టి భార్య వంక చూశారు. "మొన్న ఈస్టరప్పుడు సమాజంలో నిలబడి, ఆ పొడులు ఎవరూ వాడొద్దు, అదంతా బోదెలోకీ, బోదెలోంచి కాలవలోకీ పోతుందని గంటసేపు చెప్పేవు కదా రాహేలూ! మీ కార్యదర్శి స్టెల్లా మినిట్స్ పుస్తకంలో కూడా రాసింది."

"ఒక్కసారికి ఏం కాదులెండి. నాలుగింటికల్లా ముప్పైమంది వచ్చేస్తారు. రెండు ప్యాకెట్లు తెండి. చర్చి పక్క కొట్లో కాదు, సెంటర్లో కొనండి."

ఎందుకు సెంటర్లో కొనమన్నారో సాలమోను గారికి వేరే చెప్పక్కర్లేదు. రెండు ప్యాకెట్లనీ పేపర్లో చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన రెండు కట్టలు తోటకూర కప్పి మరీ తెచ్చారు.

మొదటి ప్యాకెట్ పోశారు. గొట్టం గుడగుడమని, వెచ్చబడి, ఊరుకుంది. రెండోది పోశారు. గొట్టం ఇంకా వేడెక్కింది కానీ నీళ్ళు మాత్రం ఒక్క చుక్క దిగలేదు. ఇంతలో సాలమోను గారు బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా పట్టుకొచ్చి, "ఇది కూడా కొంచెం పోద్దామా?" అన్నారు ఉత్సాహంగా.

"బాగానే ఉంది మీ వరస! రెండూ కలిస్తే కుతకుతా ఉడికి మొహాన చిమ్ముతుంది! ముందు దాన్ని అవతల పెట్టండి" అని కసిరారు టీచరుగారు. పదో తరగతి పాఠం అప్పటికి గుర్తొచ్చింది. రెండు ప్యాకెట్లు పోసే ముందు గుర్తొచ్చుంటే బావుండేది.

ఇక లాభం లేదని నాగసతీష్‌కి ఫోన్ చేశారు. నాగసతీష్ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. చదువులో అంతంతమాత్రమే కానీ చేతిలో పనితనం ఉంది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకీ పైపుల పని అతనిదే. అరగంటలో మోటార్‌సైకిల్ మీద పనిముట్ల సంచితో దిగాడు.

"వందనాలండీ టీచర్‌గారూ. ఏవైందండీ, జామైపోయిందా?"

"ఆయ్, పొద్దుట్నించీ ఇంతే సతీషూ. సాయంత్రం ప్రార్థనుంది నాయనా."

నాగసతీష్ వంగి సింకు కింద వంపు గొట్టాన్ని చూశాడు. సంచిలోంచి మందపాటి రబ్బరు గ్లవుజులు తీసి తొడుక్కున్నాడు. కళ్ళల్లో ఏదీ పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు కూడా బయటికి తీశాడు. ఏ ఇంట్లోనైనా ముందు అడిగే మాటే అడిగాడు. "ఇందులో ఏవైనా పోసేరాండీ? పొడి, యాసిడ్ అలాంటివి?"

గుమ్మంలో సాలమోను గారు గొంతు సవరించుకున్నారు. టీచరుగారికి మినిట్స్ పుస్తకం కళ్ళముందు మెదిలింది. ఈ కుర్రాడు ఊరంతా తిరిగేవాడు. ఎక్కడైనా నోరు జారితే?

"అబ్బే, వేణ్ణీళ్ళే పోశాను" అన్నారు.

అది పూర్తిగా అబద్ధం కూడా కాదు కదా అని లోపల సర్దిచెప్పుకున్నారు. సగం నిజం చెప్పినప్పుడు మనిషికి ఎంత ధైర్యంగా ఉంటుందో!

నాగసతీష్ నవ్వుతూ రెండు చేతుల గ్లవుజులూ ఊడదీసి పక్కన పడేశాడు. కళ్ళద్దాలు జేబులో పెట్టేశాడు. "హమ్మయ్య, ఇవి ఉంటే ఈ నట్టు పట్టు దొరకదండీ. వేరే ఇళ్ళల్లో అయితే ఎవరేం చెప్పినా తియ్యనండీ. మీరు చెప్పేక ఇంకేం ఉందండీ!"

అని చొక్కా చేతులు పైకి మడిచాడు. కుడి ముంజేతి మీద జానెడు పొడవున చర్మం ముడుచుకుపోయి, ఎర్రగా మెరుస్తోంది.

"అదేంటి సతీషూ, చేతికి?" అని అడిగారు టీచరుగారు.

"ఇదాండీ? పోయినేడాది కొత్తపేటలో ఒకరింట్లోనండీ. ఏమీ పొయ్యలేదన్నారు. గొట్టం విప్పేసరికి మొత్తం చేతి మీదకి వచ్చేసిందండీ. నెల రోజులు పనిలేదు. వాళ్ళు చెడ్డోళ్ళేం కాదండీ పాపం, ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళేరు. పోశామని చెప్పుకోడానికి నామోషీ అనుకున్నారంతేనండీ." మాట్లాడుతూనే వంపు గొట్టం నట్టుకి రెంచి తగిలించాడు. మొహం గొట్టానికి మూరెడు దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలోంచి "వందనాలు టీచరక్కా! గరిటెలు తెచ్చేనండీ!" అంటూ స్టెల్లా లోపలికి వచ్చింది. సమాజం కార్యదర్శి. మినిట్స్ పుస్తకం రాసేది ఆవిడే.

రెంచి ఒక్క పావు చుట్టు తిరిగింది.

"సతీష్, ఆగు! చెయ్యి తీసెయ్!"

ముప్పై ఒక్క ఏళ్ళు ఎనభైమంది పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు అది. నాగసతీష్ పదో తరగతిలోలాగా ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. స్టెల్లా చేతిలో గరిటెలు గలగలమన్నాయి.

"పొడి పోశాను. ఒకటి కాదు, రెండు ప్యాకెట్లు. నీతో అబద్ధం చెప్పాను నాయనా" అన్నారు టీచరుగారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్టెల్లా వింటోందని తెలుసు. విననీ అనుకున్నారు.

నాగసతీష్ ఊడదీసిన గ్లవుజుల వంకా, ఆవిడ వంకా చూశాడు. "మీరు కూడానా టీచర్‌గారూ" అన్నాడు మెల్లగా. అతను కోప్పడి ఉంటే ఆవిడకి అంత బాధ కలిగేది కాదు.

మళ్ళీ గ్లవుజులు తొడిగాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అందర్నీ వంటింట్లోంచి బయటికి పంపించి, కిటికీలు తెరిచాడు. సింకులో నీళ్ళని మగ్గుతో జాగ్రత్తగా బకెట్లోకి తోడాడు. వంపు గొట్టం కింద ఇంకో బకెట్ పెట్టి నట్టు విప్పాడు. పొడి కలిసిన నీళ్ళు ఎగదన్నుకుంటూ వచ్చి బకెట్లో పడ్డాయి. ఒక తుంపర గ్లవుజు మీద పడి నురగ కట్టింది. గుమ్మంలోంచి చూస్తున్న టీచరుగారు ఆ నురగ చోట ఉత్త చెయ్యి ఉంటే అనుకుని గుండె పట్టుకున్నారు.

కాసేపటికి లోపల్నించి నవ్వు వినబడింది. చిన్న నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు.

"టీచర్‌గారూ! ఒకసారి ఇటు రండి! మీ పాఠం ఇక్కడుంది!"

గొట్టంలోంచి తీసి, బాగా కడిగి, పళ్ళెంలో పెట్టాడు. గొట్టం వంపు ఎలా ఉందో అలాగే వంకరగా, తెల్లగా, నున్నగా జానెడు గడ్డ. "ఆ పొడిలో ఉండేది కాస్టిక్ సోడాయే కదండీ! కొబ్బరినూనె, కాస్టిక్ సోడా కలిపి తిప్పితే ఏమొస్తుంది? మీరే కదండీ క్లాసులో చేయించేరు! నాకు లెక్కలు రావని తిప్పే పని నాకిచ్చేరు. చెయ్యి పడిపోయిందనుకోండి! ఆ సబ్బు ఇంటికి పట్టుకెళ్తే మా అమ్మ మురిసిపోయింది."

టీచరుగారు గడ్డ వంక చూశారు. నోటి మీద చెయ్యి వేసుకున్నారు. జామ్ వదిలించడానికి పోసిన పొడి, గొట్టంలో ఉన్న నూనెతో కలిసి, ఇంత సబ్బు తయారుచేసి కూర్చుంది! ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి నేర్పిన పాఠం తన వంటింట్లో తనే మరిచిపోయారు. ముందు సాలమోను గారు నవ్వారు, తరువాత స్టెల్లా, ఆఖరికి ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు.

"స్టెల్లా, ఇది మినిట్స్‌లో రాస్తావా?" అని అడిగారు.

స్టెల్లా గరిటెలు బల్ల మీద పెట్టి, కొంచెం నసిగింది. "రాస్తే నాది కూడా రాయాలక్కా. పోయిన నెల మా బాత్రూంలో మూడు ప్యాకెట్లు పోసేను. సతీష్‌కి చెప్పలేదు."

"నాకు తెలుసండీ" అన్నాడు నాగసతీష్ నట్టు బిగిస్తూ. "విప్పేసరికి గొట్టంలో పొడి గడ్డకట్టి కనబడిందండీ."

సాయంత్రం పాటలూ ప్రార్థనా అయ్యాక, పులావు వడ్డించే ముందు టీచరుగారు లేచి నిలబడ్డారు. ఒక చేతిలో కొబ్బరినూనె సీసా, రెండో చేతిలో పళ్ళెం, అందులో వంకర సబ్బు. పక్కన నాగసతీష్‌ని బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టారు. జరిగిందంతా ఏమీ దాచకుండా చెప్పారు. సెంటర్లో కొన్న సంగతీ, పేపర్లో చుట్టి తోటకూర కప్పిన సంగతీ కూడా. ముప్పైమందీ పడీ పడీ నవ్వారు. తరువాత ఒకరొకరుగా చేతులెత్తడం మొదలుపెట్టారు. వెనక వరసలో ఒక పెద్దావిడ, "మా ఇంట్లో అయితే యాసిడ్ కూడా పోసేనమ్మా, ఎవరికీ చెప్పలేదు" అంది.

నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, టీచరుగారు నాగసతీష్ కుడి ముంజేతిని పట్టుకుని అందరికీ కనబడేలా పైకెత్తారు. అతను సిగ్గుపడి తల వంచుకున్నాడు.

"జిడ్డుగిన్నెలు ముందు కాగితంతో తుడిచి అప్పుడు కడుగుదాం. ఆ పొడుల జోలికి పోవద్దు. ఒకవేళ బుద్ధి గడ్డి తిని పోసేసినా, బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళకి మాత్రం మొట్టమొదట ఆ మాటే చెబుదాం. పొద్దున ఈ అబ్బాయి నా మాట నమ్మి చేతి తొడుగులు తీసేశాడు. మన పరువు కోసం ఇంకొకరి చెయ్యి కాలకూడదమ్మా."