మంగి ఒప్పుకోవాలె

పట్నంలో, గౌలిపుర బస్తీలో బీరయ్య ఇంట్లో ఐదు బర్రెలుండేవి. నాలుగింటిని ఎవరు పితికినా ఒకటే. ఐదోది మంగి. దూడ చచ్చిపోయినప్పటి నుంచి అది బీరయ్య కూతురు ఆండాలు చేతికి తప్ప చేపేది కాదు. వేరేవాళ్లు కూర్చుంటే నిండు పొదుగులోంచి చుక్క దిగదు, పైగా కాలు విసురుతుంది. అందుకే ఆండాలు తెల్లవారుజామున మంగి కింద కూర్చుని లేచి, ఆరున్నరకు ఫ్యాక్టరీ బస్సెక్కేది. సాయంత్రం బస్సు దిగితే మళ్లీ మంగి కిందికే. రెండేళ్లుగా ఒక్క రాత్రి కూడా ఆమె ఇల్లు విడిచి ఉండలేదు.

ఆ డిసెంబరులో ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. నల్లమల అంచున ఎర్రగట్టు అనే కొండ చుట్టూ కాలినడక. జనవరి ఇరవై ఆరు శుక్రవారం మొదలు, ఆదివారం తిరుగు ప్రయాణం. ఒక రాత్రి తండాలోని బడిలో, ఒక రాత్రి అడవి బంగళాలో మకాం. ఆండాలు మూడు రోజులు ఆ కాగితం ముందు నిలబడింది. నాలుగో రోజు పేరు రాసింది.

ఈ నడక ఏర్పాటు చేస్తున్నది డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేసే ఇశ్రాయేలు. ఆడపిల్లలు పేర్లిస్తే వాళ్ల ఇళ్లకు తనే వెళ్లి అడిగేవాడు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా, తెల్ల చొక్కాతో, చుట్టిన మ్యాపు చంకలో పెట్టుకుని గౌలిపుర వచ్చాడు.

"నా భార్య గూడ వస్తుంది, బీరన్నా. ఆడోళ్లు నలుగురు. నీ బిడ్డను నా బిడ్డలెక్క చూసుకుంట."

బీరయ్య ఇంటికొచ్చిన మనిషికి మొహం మీద కాదనలేడు. చాయ్ పోయించాడు. కూతుర్ని గుట్టల్లోకి పంపడం ఇష్టం లేదు. ఆ మాట అనడమూ ఇష్టం లేదు. కొట్టం వైపు చెయ్యి చూపించాడు.

"నాదేముంది సారూ, మంగి ఒప్పుకోవాలె. దాని పాలు ఇంకొకరి చేతికి దిగితె నేనే బస్సెక్కిస్త."

"మాటేనా?"

"బీరయ్య మాటంటె మాటే."

ఇశ్రాయేలు మంగి వైపు చూశాడు. మంగి గడ్డి నములుతూ ఇశ్రాయేలు వైపు చూసింది. మ్యాపు కాపీ ఒకటి ఆండాలుకు ఇచ్చి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి మంగి కింద ఆండాలు వదిన సక్కుబాయి కూర్చుంది. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు ఆండాలుది ఒక పాత చీర కట్టుకుని కూర్చుంది. బర్రెకు వాసన గుర్తుంటుందని పక్కింటి కొమురమ్మ చెప్పింది. చీర పనిచేయలేదు. మూడో రోజు ఆండాలు చేతి గాజులు కూడా వేసుకుంది. మంగి గిన్నెను తన్ని, కాసేపు దాని చప్పుడు విన్నది.

"చీర కట్టుకున్న, గాజులేసుకున్న. ఇగ నీ ఫ్యాక్టరీకి గూడ నేనే పోవాల్నా ఏంది?" అంది సక్కుబాయి, చీర మీది పేడ దులుపుకుంటూ.

కొమురమ్మ గోడ మీది నుంచి, "దానికి పసుపు గూడ రాయ్ సక్కూ, పెండ్లిపిల్ల లెక్క సిగ్గు పడి తన్నుడు ఆపుతదేమో!" అని నవ్వింది.

కోడలు గిన్నె పట్టుకుని రాగానే బీరయ్య అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. గిన్నె ఖాళీగా తిరిగి వచ్చాక లోపలికొచ్చేవాడు. తర్వాత ఆండాలు కూర్చుంటే పాలు దిగేవి.

అయినా ఆండాలు ఏర్పాట్లు ఆపలేదు. బేగంబజార్‌లో కాన్వాసు బూట్లు కొన్నది. అటుకులు, పల్లీలు, బెల్లం ఎంతెంత కావాలో ఇశ్రాయేలు రాసిచ్చిన లెక్క ప్రకారం మూటలు కట్టింది. నడక అలవాటు కావాలని ఆదివారాలు వీపు మీద దుప్పటి మూటతో మూసీ దాటి ఉస్మాన్‌గంజ్ దాకా నడిచి వచ్చేది. మ్యాపులో కొండ కోడిగుడ్డులా ఉంది. దాని చుట్టూ ఎర్ర పెన్సిలు గీత. పేరు ఖాయం చేయడానికి జనవరి మూడో వారం దాకా గడువుంది.

జనవరి రెండో వారంలో బర్రెలకు పెట్టే తెలగపిండి అయిపోయింది. బీరయ్య ఇంకా చీకటి ఉండగానే దానికోసం ఉస్మాన్‌గంజ్ పోయాడు. ఆండాలు ఎప్పటిలాగే పొదుగు కడిగి, మంగి కింద కూర్చుంది.

పాలు రాలేదు.

రొమ్ములు నిమిరింది, తవుడు పెట్టింది, మళ్లీ కూర్చుంది. మంగి తోక ఆడించింది, అంతే. ఆండాలుకు భయం వేసింది. జబ్బేమోనని చెవులు పట్టి చూసింది. చెవులు వేడిగా లేవు, మామూలుగానే ఉన్నాయి.

అంతలో బీరయ్య వచ్చాడు. బస్తా దించి, బీడీ ముట్టించి, ఆండాలు పితికేటప్పుడు రోజూ నిలబడే చోటే, మంగి పక్కన నిలబడ్డాడు. మంగి వీపు మీద చెయ్యి వేసి, "ఏందే మంగీ, ఏందే తల్లీ" అన్నాడు. నిమిషం గడవకముందే రొమ్ములు పాలతో బిగుసుకున్నాయి. గిన్నెలో మొదటి ధార మోగింది.

ఆండాలు తల బర్రె డొక్కకు ఆనించి పితుకుతూ పోయింది. రెండేళ్లుగా తను పితికే ప్రతిసారీ తండ్రి ఆ చోటనే నిలబడి మంగిని పలకరిస్తున్నాడు. వదిన కూర్చున్న ప్రతిసారీ అరుగు మీదికి పోయాడు. ఆ సంగతి అతనికి తెలుసో తెలియదో ఆమె అడగలేదు. గిన్నె నిండాక లేచి, పాలు వడకట్టి, బస్సుకు పోయింది.

సాయంత్రం వదినను పిలిచింది. "నీ చీరే కట్టుకో వదినా. గాజులు గూడ వద్దు."

సక్కుబాయి కూర్చుంది. బీరయ్య అరుగు వైపు కదిలాడు.

"బాపూ, జర ఈడ నిలబడు."

"నాకు పనుంది."

"దానికి నువ్వుండాలె బాపూ. నా చెయ్యి గాదు."

బీరయ్య ఆగాడు. కూతురి వైపు చూడలేదు. వచ్చి ఎప్పటి చోట నిలబడ్డాడు గాని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు, నోరు విప్పలేదు. సక్కుబాయి గిన్నె మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. మంగి మెడ తిప్పి బీరయ్యను చూసింది. అతను మాట్లాడకపోతే ఇక్కడితో సరి. ఇంకొక వారం, తర్వాత పేర్ల పట్టీ ముగుస్తుంది. ఆండాలు గుంజకు ఆనుకుని నిలబడింది.

బర్రె ఒకసారి చిన్నగా అరిచింది.

బీరయ్య చేతులు విప్పాడు. వీపు మీద చెయ్యి వేశాడు. "ఏందే మంగీ," అన్నాడు మెల్లగా. "ఏందే తల్లీ."

పాలు దిగాయి.

"అయ్యో మామా!" అంది సక్కుబాయి పితుకుతూనే. "గీ మాటకు నాతోని ఇన్ని సోకులు జేయించిన్రా?"

బీరయ్య బీడీ వెతుక్కున్నాడు.

అన్నాలయ్యాక అతనే మ్యాపు అడిగాడు. చాప మీద పరిచి, ఎర్ర గీత మీద వేలు జరుపుకుంటూ పోయాడు. వయసులో ఉన్నప్పుడు కరువు ఏళ్లల్లో అతను బర్రెలను తోలుకుని అడవుల వెంట తిరిగినవాడు.

"రెండో దినం ఈ పడమటి దిక్కు నడుస్తరా?"

"అవు బాపూ. బండలంట."

"పగలు పన్నెండు దాకా గట్టు నీడ ఆడ ఉంటది. ఎండ తిరగకముందే ఆ బండ దాటాలె. నీళ్లేడున్నయి?"

"ఈడ వాగు ఉందట."

"ఉందట గాదు. జనవరిల ఉంటదా అని అడగాలె. మీ సారుకు చెప్పు."

ఆండాలు పెన్సిలు తెచ్చి గీత పక్కన రాసుకుంది: పొద్దున్నే బయల్దేరాలి, వాగు సంగతి కనుక్కోవాలి. తర్వాత బూట్లు గుడ్డతో తుడిచి, మూట పక్కన పెట్టింది.

ఇరవై ఆరు పొద్దున ఆమె లేచేసరికి కొట్టంలో లాంతరు వెలుగుతోంది. సక్కుబాయి మంగి కింద కూర్చుని ఉంది. బీరయ్య తన చోట నిలబడి ఉన్నాడు. పిలవకుండానే వచ్చి నిలబడ్డాడని సక్కుబాయి కళ్లతో చెప్పింది.

ఆండాలు మూట వీపుకు ఎత్తుకుని వాకిట్లో ఆగింది.

"పోయొస్త బాపూ."

"బస్సుదాక వస్త, ఆగు. మాటిచ్చిన గద," అన్నాడు బీరయ్య, వెనక్కి తిరగకుండానే. "ముందుగాల దీన్ని చేపనియ్యి."